పంపితిమి సరే, అందినదా?

2021 ఫిబ్రవరి 1వ తేదీ నుండి తెలంగాణమున రేషను బియ్యమునకు వ్రేలిముద్రకు మారుగా సెల్‌ఫోనునకు వచ్చు ఓటీపీ అంకెలు చెప్పవలసినదని ప్రభుత్వమువారు ఏర్పాటు కావించిరి. ఆధారునకు నంబరు జతపరచుకొనుటకై జనులు కూలి మానుకొని కేంద్రముల ముంగిట బారులు తీరిరి. నెల తిరిగి వారమైనదో లేదో, మార్చి 8వ తేదీన దేశమంతటను ఆ యంకెలే రాకపోయెను. బ్యాంకుల పనులు, ఆధార్ పనులు, టీకాల నమోదు స్తంభించినవి.

కారణమేమి? మోసపు సందేశముల నరికట్టుటకు ట్రాయి సంస్థ 2018లో నిబంధనలు చేసెను. పంపువారి పేరు, సందేశపు మాదిరి ముందుగా నమోదు కావలయును. సరిపోలనిదానిని టెలికాం కంపెనీలు త్రోసివేయును. ఉద్దేశము మంచిదే, కాదనము. కాని కలుపు తీయబోయి వరిని పెరికిరి. మరునాడే ఆ పరీక్షను ఏడు దినములు నిలిపివేయవలసివచ్చెను.

ఇది యొకనాటి ముచ్చట యని సరిపెట్టుకొనరాదు. గేట్‌వే సందేశమును పుచ్చుకొని "స్వీకరించితిమి" అనును. అది అందినట్లు కాదు. పిమ్మట నది వరుసలో నిలుచును. బోయినపల్లి పల్లెలలో ఫోనునకు సిగ్నలు లేనిచో కేంద్రము దానిని దాచి, మరల మరల యత్నించి, గడువు తీరినంత పారవేయును. పది నిమిషముల ఆయుస్సు గల అంకెలు అరగంటకు వచ్చిన నేమి ఫలము? ఆత్రపడి మరల నొక్కినచో క్రొత్త అంకెలు పుట్టి పాతవి చచ్చును. ముందుగా చేరునవి పాతవే! వానిని చెప్పినవానికి "తప్పు" అను జవాబు.

మా వృత్తిలో 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టము 27వ సెక్షను తెలియనివారు లేరు. సరియైన చిరునామాకు, తపాలా రుసుము చెల్లించి, రిజిస్టరు చేసిన ఉత్తరము అందినట్లు భావింతురు. అయినను అందలేదని రుజువు చేసికొను హక్కు కలదు. ఓటీపీ రాని కూలివానికి ఆ హక్కెక్కడ? తంతివార్త చేరకున్నను సర్కారు నష్టమునకు బాధ్యత వహింపదని తెల్లదొరలు 1885 చట్టము 9వ సెక్షనున వ్రాసికొనిరి. స్వరాజ్యమునకును అదే నీతియా?

ఓటీపీలను వ్యాపార ప్రకటనల వెనుక నిలుపరాదు. అంకెల ఆయుస్సెంతయో సందేశపు గడువును అంతే కావలయును. అందనిచో కారణము తెలిపి, వెంటనే మాటరూపమున ఫోను చేసి చెప్పవలయును. ఇకముందు ఏ పథకమునకు ఓటీపీ విధించినను, అది రానినాడు చిట్టాలో సంతకము గైకొని బియ్యము కొలిచి ఇచ్చునట్లు పౌరసరఫరాల శాఖవారు లిఖితపూర్వకముగ ఉత్తరువు చేయవలయును.