కత్తి పట్టే చేతికి విశ్రాంతి ఏదీ?

* పన్నెండు గంటల నిబంధన 1992 నాటిది
* 2023 నియమావళిలో కానరాని అంకె
* చేసిన ఆపరేషన్లకే లెక్క.. పనిచేసిన గంటలకు లేదు

రెడ్డిగూడెం: మామిడి కోతల్లో చెట్టుపై నుంచి జారిపడిన కూలీ కావచ్చు, మైలవరం రహదారిలో ప్రమాదానికి గురైన యువకుడు కావచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పెద్ద శస్త్రచికిత్సలకు వసతి ఉండదు. తిరువూరు, మైలవరం ప్రభుత్వాసుపత్రుల స్థాయి దాటిన కేసు విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కుదప, మద్దులపర్వ, రంగాపురం వాసులకు ఈ దారి కొత్త కాదు. ఇటువంటి బోధనాసుపత్రుల్లో అర్ధరాత్రి వేళ రోగిని ముందుగా పరీక్షించేది సాధారణంగా శస్త్రచికిత్స విభాగంలో శిక్షణ పొందుతున్న పీజీ వైద్యులే. వారు ఎన్ని గంటలుగా మేల్కొని ఉన్నారో రోగి బంధువులకు తెలియదు. విచారకరమైన విషయమేమిటంటే, ఆ లెక్క ప్రభుత్వం వద్ద కూడా లేదు.

మూడు పత్రాలు.. మూడు మాటలు

పీజీ వైద్యుల పనివేళలపై నిబంధనలు లేవనడం సరికాదు. రెసిడెన్సీ పథకంపై కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 1992 జూన్ 5న ఆదేశాలు జారీ చేసింది. సుప్రీంకోర్టు తీర్పు దరిమిలా వచ్చిన ఆదేశాలవి. జూనియర్ రెసిడెంట్లు సాధారణంగా వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలకు మించకుండా పనిచేయాలని, వంతులవారీగా వారానికొక సెలవు ఇవ్వాలని వాటి సారాంశం.

జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన 2023 పీజీ వైద్యవిద్య నియమావళిలో ఈ అంకెలు కానరావు. విద్యార్థులు 'సహేతుకమైన' గంటలు పనిచేయాలని, 'సహేతుకమైన' విశ్రాంతి ఇవ్వాలని మాత్రమే అది పేర్కొంది. ఏడాదికి కనీసం 20 రోజుల వేతన సెలవులు, పని అవసరాలకు లోబడి వారానికొక సెలవు ఇమ్మంది. ఏది సహేతుకమో తేల్చే అధికారం మాత్రం ఆచరణలో విభాగానికే మిగిలింది.

ఆ మరుసటి ఏడాది, 2024లో, కమిషన్ నియమించిన మానసిక ఆరోగ్య కార్యదళం వారానికి 74 గంటలు మించరాదని సిఫార్సు చేసింది. రోజుకు ఏడెనిమిది గంటల నిద్ర అవసరమంది. ఆ దళం జరిపిన ఆన్‌లైన్ సర్వేలో పాల్గొన్న 5,337 మంది పీజీ విద్యార్థుల్లో 31 శాతానికి పైగా ఆత్మహత్య ఆలోచనలు వచ్చినట్లు తెలిపారు. అదే ఏడాది ఆగస్టు 9న కోల్‌కతా ఆర్జీకర్ ఆసుపత్రిలో యువ వైద్యురాలి హత్యాచారం దేశాన్ని కుదిపేసింది. సుదీర్ఘ విధుల్లో ఉన్న ఆమె విశ్రాంతి కోసం సెమినార్ హాలుకు వెళ్లాల్సివచ్చిందన్న వాస్తవం విధి గదుల దుస్థితిని బయటపెట్టింది.

నిద్రలేమి మత్తుతో సమానం

పదిహేడు గంటలు మేల్కొన్న మనిషి పనితీరు, వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవానితో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. ఇరవైనాలుగు గంటలైతే అది దాదాపు వంద మిల్లీగ్రాములకు చేరుతుంది. మన మోటారు వాహనాల చట్టం 30 మిల్లీగ్రాములు దాటితేనే డ్రైవరును నేరస్థుడిగా చూస్తుంది. రహదారిపై ఊదించి పరీక్షించే వ్యవస్థకు ఆపరేషన్ గది అలసట పట్టకపోవడం విడ్డూరం.

ఇతర దేశాల అనుభవం

అమెరికాలో 1984లో ఒక యువతి మరణంపై రేగిన వివాదం న్యూయార్క్ రాష్ట్రంలో పనిగంటల పరిమితికి దారితీసింది. 2003 నుంచి ఆ దేశమంతటా వారానికి 80 గంటల పరిమితి అమలైంది. ఐరోపా సమాఖ్యలో 2009 నాటికి శిక్షణ వైద్యులకు 48 గంటల పరిమితి వర్తించింది.

అయితే శస్త్రచికిత్సా నిపుణుల అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం. గంట కొట్టగానే ఆపరేషన్ మధ్యలో వదిలి వెళ్లలేరు. ఎక్కువ కేసులు చూస్తేనే చేయి తిరుగుతుంది. రోగి బాధ్యత పదేపదే చేతులు మారితే సమాచారం జారిపోతుంది. ఈ వాదనను అమెరికాలో 117 శస్త్రచికిత్స శిక్షణ కేంద్రాల్లో పరీక్షించారు. ఏకబిగి విధుల పరిమితిని సడలించినా రోగుల ఫలితాలు దిగజారలేదని 2016లో వెల్లడైంది. కానీ అక్కడ కూడా వారానికి 80 గంటల హద్దును చెరపలేదు. అంటే ఒక రాత్రి పొడిగింపు సమస్య కాదు. పొడిగింపే నిత్యకృత్యం కావడం, దానికి లెక్క లేకపోవడమే సమస్య.

కావాల్సింది పుస్తకమే

పీజీ విద్యార్థికి 80 శాతం హాజరు తప్పనిసరి. చేసిన, చూసిన ఆపరేషన్లకు లాగ్‌బుక్ ఉంది. వచ్చినట్లు రుజువు అడిగే వ్యవస్థ, ఎప్పుడు వెళ్లారో కూడా నమోదు చేయడం కష్టమేమీ కాదు. ప్రతి యూనిట్‌లో విధుల పట్టిక గోడపై అతికించడం, రాత్రి విధుల మర్నాడు విశ్రాంతి తప్పనిసరి చేయడం, రోగిని అప్పగించేటప్పుడు రాతపూర్వక వివరాలివ్వడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఖర్చయ్యేది అదనపు సిబ్బందికి. గంటలు లెక్కిస్తే ఎంతమంది వైద్యులు తక్కువో కూడా బయటపడుతుంది. లెక్క వేయడానికి యంత్రాంగం వెనుకాడేందుకు కారణం అదే కావచ్చు.

జిల్లా రెసిడెన్సీ కింద పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలి. పల్లెలకు ఇది మేలే. కానీ వారు వెళ్లిన చోట ఖాళీ భర్తీ కాకపోతే, మిగిలినవారి రాత్రులు మరింత దీర్ఘమవుతాయి. ఆ భారం చివరకు పడేది రెడ్డిగూడెం వంటి ఊళ్ల నుంచి అర్ధరాత్రి వెళ్లిన రోగిపైనే. పీజీల పనిగంటలను జూనియర్ వైద్యుల సమ్మె కోరికగా కాక, రోగి భద్రతగా చూసిన రోజునే 1992 నాటి ఆదేశానికి అర్థం ఉంటుంది.