ఒక యక్షరము – పెక్కు పలుకులు

పలుకును బట్టి మనుజుని వెలకట్టుట లోకమున అనాదిగా వచ్చుచున్న దురాచారము. వేఱొక సీమవాడు నోరు విప్పినంతనే నవ్వువారు ప్రతి దేశమునను గలరు. ఆ నవ్వు న్యాయమైనది కాదని తెలియుటకు ఇటలీ దేశపు భాషలోని ఒక్క యక్షరము చాలును. ఇంగ్లీషువారు 'సీ' యని పిలుచు మూడవ యక్షరమే యది. ఇటలీవారు దానిని 'చీ' యందురు.

ఈ యక్షరమును గూర్చి బడిలో నేర్పు నియమము సులభమైనది. దాని తరువాత అ, ఒ, ఉ స్వరములున్నచో అది కకారముగా పలుకును. ఎ, ఇ స్వరములున్నచో చకారముగా పలుకును. ఇంటికి 'కాసా' యని పేరు. రాత్రి భోజనమునకు 'చేనా' యని పేరు. రెండు మాటలకును మొదట నిలిచిన యక్షర మొక్కటియే. తెలుగువారికి ఈ పద్ధతి వింత కాదు. 'చిలుక', 'చెట్టు' అనునపుడు చకారము తాలవ్యము. 'చాప', 'చుక్క' అనునపుడు దంత్యము. లిపి యొక్కటి, ధ్వనులు రెండు. తరువాతి స్వరమే వానిని నిర్ణయించుచున్నది.

అయితే ఈ నియమము ఎల్లకాలము ఉన్నది కాదు. రెండువేల యేండ్లకు పూర్వము రోము నగరమున లాటిను భాష నడచినపుడు, ఈ యక్షరము ఏ స్వరమునకు ముందైనను కకారమే. నాటి మహావక్త పేరు 'కికెరో'. నేటి ఇటలీ బాలురు ఆయనను 'చిచెరోనే' యందురు. ఇంగ్లీషువారి నోట ఆయనయే 'సిసిరో' యయ్యెను. ఆ పేరునకు మూలము శనగను దెలుపు 'కికెర్' అను లాటిను పదము. అంతటివాని పేరే మాఱిపోగా, శాశ్వతమైన పలుకు ఏది?

నేటి ప్రామాణిక ఇటాలియను భాషకు పుట్టినిల్లు టస్కనీ సీమలోని ఫ్లోరెన్సు నగరము. మహాకవి దాంతే పుట్టినది అచటనే. 1583లో అచట వెలసిన క్రుస్కా పరిషత్తు 1612లో గొప్ప నిఘంటువును వెలువరించెను. ఇట్టి నగరమున బడి నియమము తప్పక చెల్లునని ఎవరైనను తలతురు. కాని యచటివారు రెండు స్వరముల నడుమ కకారమును హకారముగా పలుకుదురు. 'లా కాసా' వారి నోట 'లా హాసా' యగును. 'లా చేనా' 'లా షేనా' యగును. కోకాకోలాను వారు 'హోహాహోలా' యందురని ఇతర సీమలవారు పరిహసింతురు. ఇది వారి యజాగ్రత్త కాదు. 'ఇన్ కాసా' యని ముందు హల్లు నిలిచినచో ఆ కకారము చెక్కుచెదరదు. అనగా వారి యాసకును ఒక వ్యాకరణము గలదు. రోమువారు వెలుగును 'లూచే' యనక 'లూషే' యందురు. వెనిసు మాండలికమున నూఱు అను అర్థము గల 'చెంతో' పదము 'సెంతో' యగును.

ఇంతమాత్రమున ప్రామాణిక భాష వలదనుట యుక్తము కాదు. 1861లో ఇటలీ యేకరాజ్యమైన నాడు ఒక సీమవాని మాట వేఱొక సీమవానికి తెలియుట కష్టముగా నుండెను. బడికి, న్యాయస్థానమునకు, పత్రికకు ఉమ్మడి భాష కావలసెను. ఫ్లోరెన్సువారి వాడుకనే దేశమంతట నేర్పవలెనని మిలాను నగరపు నవలాకారుడు మంజోనీ 1868లో ప్రభుత్వమునకు నివేదించెను. భాషాశాస్త్రవేత్త అస్కోలీ 1873లో దీనిని నిరసించెను. ఒక నగరపు వాడుకను ఎల్లరిపై మోపరాదనియు, విద్య వ్యాపించినచో ఉమ్మడి భాష తనంత తానే పెరుగుననియు ఆయన మతము. కాలము అస్కోలీ పక్షమునే వహించెను. దేశము ఫ్లోరెన్సు వ్రాతను గైకొన్నది. దాని హకారమును మాత్రము విడిచినది. కావున ప్రామాణికమనునది పదిమంది చేసికొన్న యొడంబడికయే గాని, ఏ యొక్కరి గొప్పతనమునకును గుఱుతు కాదు.

ఈ సంగతి మఱచినచో కలుగు కీడును సిసిలీ ద్వీపపు కథ యొకటి చెప్పుచున్నది. 1282లో ఆ ద్వీపవాసులు ఫ్రెంచి పాలకులపై తిరుగబడిరి. పైని చెప్పిన శనగకే సిసిలీలో 'చీచిరి' యని పేరు. అనుమానము కలిగిన వారిచే ఆ మాట పలికించి, చకారము సరిగా పలుకలేనివారిని ఫ్రెంచివారిగా ఎంచి చంపిరని జనశ్రుతి. ఆ కథ యెంతవఱకు నిజమైనను, అందలి హెచ్చరిక నిజమైనది. పలుకును మనుజునకు కొలబద్ద చేసినచో, నవ్వుతో మొదలైనది నవ్వుతో ముగియదు.

విద్యార్థి వ్రాతలో నియమమును పాటింపవలెను. సభలో ఎల్లరకు తెలియునట్లు పలుకవలెను. కాని తన యింటి పలుకునకు సిగ్గుపడరాదు. పొరుగింటి పలుకును విని నవ్వరాదు. ప్రామాణిక భాష ఊరివారందఱు కలిసికొను రచ్చబండ వంటిది. యాస ఎవరి యిల్లు వారికి వంటిది. రచ్చబండ కొఱకు ఇండ్లు కూల్చుకొనువారు ఏ యూరనులేరు.