గ్లాసెడు మంచినీళ్లకు ఇంత భయమెందుకు?



రేపు ఆపరేషన్ అనగానే మన ఆస్పత్రుల్లో చాలాచోట్ల పేషెంటుకు చెప్పే మాట ఒకటే: "రాత్రి పన్నెండు దాటాక పచ్చి మంచినీళ్లు కూడా ముట్టొద్దు." పొద్దున్నే థియేటర్లోకి వెళ్లేవారికీ అదే మాట, మధ్యాహ్నం రెండింటికి గానీ వంతు రానివారికీ అదే మాట. ఆపరేషన్ వార్డుల్లో నర్సుగా చేసి రిటైరైనదాన్ని. ఈ ఆచారాన్ని ఇకనైనా వదిలేయాలని నా వాదన.

మత్తిచ్చినప్పుడు కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఆ భయం ఉత్తది కాదు. కాన్పు సమయంలో మత్తిచ్చిన స్త్రీలకు ఇలా జరగడాన్ని 1946లో మెండెల్సన్ అనే అమెరికా వైద్యుడు వివరంగా రాశాడు. ఆయన లెక్కించిన 66 కేసుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ ఇద్దరికీ ఊపిరికి అడ్డుపడింది నీళ్లు కాదు, తిన్న గట్టి ఆహారం. నీళ్లు కడుపులో ఎక్కువసేపు నిలవవు కూడా. అందుకే తేలికపాటి తిండికి ఆరు గంటలు, మంచినీళ్లకు రెండు గంటలు గడువు చాలని అమెరికా మత్తు డాక్టర్ల సంఘం 1999లోనే చెప్పింది. పిల్లలకైతే గంట ముందు దాకా నీళ్లు పట్టమని 2022లో యూరప్ సంఘం సూచించింది.

ఇక్కడ జరిగేది చూడండి. నోరు పిడచకట్టుకుపోయిన మనిషికి సెలైన్ పెట్టబోతే నరం దొరకదు, చేతి మీద నాలుగుచోట్ల పొడుస్తారు. నడుముకు మత్తివ్వగానే బీపీ జారిపోతుంది. షుగర్ ఉన్నవారికి కళ్లు తిరుగుతాయి. పసివాడు గుక్కపట్టి ఏడుస్తుంటే చూడలేక అమ్మమ్మ కొంగుచాటున బిస్కెట్ ముక్క నోట్లో పెడుతుంది, అడిగితే "ఏమీ పెట్టలేదమ్మా" అంటుంది. నీళ్ల కన్నా ఆ బిస్కెటే ప్రమాదం. సబబు లేని నియమాన్ని జనం చాటుగా దాటేస్తారు.

ఆపరేషన్ల లిస్టు ముందువెనకలవుతుందనీ, నీళ్లు తాగమంటే కొందరు టీ తాగేసి వస్తారనీ డాక్టర్లు అంటారు. నిజమే, పాలు కలిపిన టీ నీళ్ల లెక్కలోకి రాదు, మజ్జిగా రాదు. అలా తాగొచ్చినందుకు ఆపరేషన్లు వాయిదా పడటం నేనూ చూశాను. అయితే ఆ సంగతి తెలుగులో నాలుగు ముక్కలు రాసి చేతికిస్తే సరిపోతుంది కదా! పిల్లల్నీ, షుగర్ పేషెంట్లనీ లిస్టులో ముందు పెట్టొచ్చు. ఆలస్యమైతే థియేటర్ నుంచి వార్డుకు ఒక ఫోన్ చేస్తే, ఫలానా మంచం వారికి ఫలానా టైము దాకా నీళ్లివ్వమని సిస్టర్‌కు తెలుస్తుంది. కేస్ షీట్లో "ఎన్‌పీఓ" (నోటితో ఏమీ ఇవ్వొద్దు) అని రాసేచోట ఆ టైము కూడా వేయాలి. పైసా ఖర్చు లేని పని ఇది.

అందరికీ ఈ రెండు గంటల లెక్క వర్తించదు. అత్యవసర ఆపరేషన్లు, పేగుల్లో అడ్డంకి, నొప్పులు పడుతున్న గర్భిణులు, కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యే షుగర్ పేషెంట్లు, బరువు తగ్గడానికి సెమాగ్లుటైడ్ లాంటి ఇంజక్షన్లు తీసుకునేవారు—వీళ్ల సంగతి మత్తు డాక్టరే తేల్చాలి.

ఆస్పత్రుల సూపరింటెండెంట్లు, మత్తు డాక్టర్లు కూర్చుని తమ వార్డులకు ఒక రాతపూర్వక పద్ధతి పెట్టాలని కోరుతున్నాను. పాఠకులకూ ఒక మాట. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే, నీళ్లు ఎన్నింటి దాకా తాగొచ్చో మత్తు డాక్టర్ని ముందురోజే అడగండి. ఆయన చెప్పకుండా సొంతంగా తాగకండి. పొరపాటున తాగినా, తిన్నా దాచకండి.

— ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, గుంటూరు జిల్లా