మడుగు స్నానం మంచిదేనా?

తంబళ్లపల్లె నుంచి ఒక గృహిణి ఇలా రాశారు: “సెలవులకు బెంగుళూరు నుంచి మా ఆడబిడ్డ పిల్లలతో వస్తోంది. అందర్నీ తీసుకుని తలకోనకో, కైగల్‌కో వెళ్లాలని మావారి ఆలోచన. అడవినీళ్లలో మూలికల సారం ఉంటుంది, అందులో మునిగితే చర్మరోగాలు పోతాయని మా అత్తగారు అంటారు. గుండాల్లో ఏదో పురుగు ముక్కులోంచి మెదడుకు ఎక్కుతుందట, పేపర్లో చదివాను, నా పిల్లల్ని దింపనని మా ఆడబిడ్డ అంటోంది. ఎవరి మాట వినాలి?”

అమ్మా, మీ అత్తగారి మాటలో కొంచెం, మీ ఆడబిడ్డ మాటలో కొంచెం నిజం ఉంది. వాటి సంగతికి తర్వాత వస్తాను. మీ ఇంట్లో ముందు అడగవలసిన ప్రశ్న మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. పిల్లలకు ఈత వచ్చా? వాళ్లను తీసుకెళ్లే పెద్దలకు వచ్చా?

మడుగుకు వెళ్లినవాళ్ల ప్రాణాలు తీసేది చాలావరకు పురుగులూ కావు, క్రిములూ కావు. నీళ్లే. ఒక్క 2021లోనే ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో చిన్నపిల్లల వంతు చాలా ఎక్కువ.

మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఈ ప్రమాదానికి ఒక ప్రత్యేక కారణం కనబడుతుంది. ఇది కరువు సీమ. మీ మామగారి తరం వాళ్లు ఈత ఎక్కడ నేర్చుకున్నారో అడిగి చూడండి. ఊరి మోటబావిలో అంటారు. నడుముకు ఎండు సొరబుర్ర కట్టి, పైనుంచి ఒకరు తాడు పట్టుకుని, మేనమామో పెదనాన్నో నీళ్లలోకి తోసి నేర్పారు. తర్వాత బోర్లు వచ్చాయి, బావులు ఎండాయి. ఎండిన బావుల్లో ముళ్లకంపలు పడ్డాయి. బావితోపాటు ఈత కూడా పోయింది. ఇప్పటి పిల్లల్లో చాలామందికి మోకాటి లోతు మించిన నీళ్లు తెలియవు.

అయితే నీళ్లు మాత్రం మళ్లీ వస్తున్నాయి. తుపాను వానలకు ఏళ్ల తరబడి ఎండిన చెరువులు ఒక్క వారంలో నిండుతాయి. పొలాల్లో సేద్యపు కుంటలు తవ్వారు. రాళ్లు కొట్టి వదిలేసిన క్వారీ గుంతలు వాననీళ్లతో నిండి నీలంగా మెరుస్తుంటాయి. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు కుప్పం ప్రాంతానికి కూడా చేరాయి. రైతుకు అది పండుగే, కాదనను. కాని నీళ్లు ఎరగని పిల్లల ముందుకు హఠాత్తుగా లోతు నీళ్లు వచ్చి నిలిచాయని ఇంటి పెద్దలు గుర్తించాలి.

వీటిలో నాకు అన్నిటికన్నా భయం ప్లాస్టిక్ పట్టా పరిచిన కుంటలన్నా, సిమెంటు పూసిన కాలువలన్నా. పాత చెరువైతే గట్టు మట్టి, పక్కన తుంగ, పట్టుకోను ఒక చెట్టువేరు. జారినవాడికి ఏదో ఒకటి చేతికి దొరికేది. తడిసిన పట్టా మీద కాలు నిలవదు. ఈత వచ్చిన మనిషి కూడా ఒడ్డుదాకా వచ్చి, పైకి పాకలేక, అలసి మునిగిపోతాడు. మీ పొలంలో అలాంటి కుంట ఉంటే చుట్టూ కంచె వేయించండి. గట్టున గుంజ పాతి, ముడులు వేసిన మోకు ఒకటి నీళ్లలోకి వేలాడేలా కట్టించండి. పాత లారీ ట్యూబు గాలి కొట్టి పక్కన ఉంచితే మరీ మంచిది. దీనికయ్యే ఖర్చు ఒక సినిమాకు ఇంటిల్లిపాదీ వెళ్లినంత కూడా కాదు.

ఇక మీరు వెళ్లదలచిన చోట్ల సంగతి. తలకోనలో నీళ్లు 270 అడుగుల ఎత్తునుంచి పడతాయి. పలమనేరు - కుప్పం దారిలో ఉన్న కైగల్ అంత ఎత్తు కాదు. నీళ్లు బండలమీద పడే చప్పుడునుబట్టి దానిని దుముకురాళ్ల జలపాతమని కూడా అంటారు. రెండుచోట్లా కిందున్న మడుగులు చూడముచ్చటగా ఉంటాయి. కాని జలపాతం కింది మడుగుకు అడుగు సమంగా ఉండదు. నీళ్లు పడేచోట తరతరాలుగా కోసుకుపోయి లోతు గుండం అవుతుంది. రెండడుగుల అవతల మోకాటి లోతే ఉంటుంది. బండలకు పాచి పట్టి నూనె రాసినట్టు ఉంటాయి. చెప్పులతో ఎక్కకండి, వట్టి కాళ్లతో పరుగెత్తకండి, జలపాతం పైఅంచున నిలబడి ఫొటోలు తీసుకోకండి.

మరొకటి. మీరున్నచోట ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన కురిసి ఉండవచ్చు. తేటగా ఉన్న నీళ్లు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, చప్పుడు హెచ్చినా, తువ్వాళ్లకోసం, గిన్నెలకోసం చూసుకోకుండా పిల్లల్ని పట్టుకుని ఎత్తుకు ఎక్కండి. వంక పొంగడానికి నిమిషాలు చాలు. కైగల్ వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగులున్న చోటు. పొద్దువాలే వేళకు నీళ్లు వాటివి, మనవి కావు. పెందలాడే బయలుదేరండి.

కుర్రకారు చేసే పని తలకిందులుగా దూకడం. అడుగున బండ తగిలితే మెడ ఎముక విరుగుతుంది. ప్రాణం దక్కినా చేతులూ కాళ్లూ పడిపోయి, జన్మంతా మంచంమీదే గడపవలసి రావచ్చు. అలా దెబ్బ తిన్నవాణ్ణి చేతులు పట్టి లాగి కూర్చోబెడితే నరాలు మరింత దెబ్బతింటాయి. తలా మెడా వీపూ ఒకే వరుసలో కదలకుండా పట్టుకుని, చెక్క మీదకు చేర్చి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మద్యం తాగి నీళ్లలో దిగేవాళ్ల గురించి వేరే చెప్పను. వాళ్లు ఈ పేజీ చదవరు. వాళ్ల భార్యలు చదువుతారు కనుక ఒక్క మాట: బండి తాళాలతోపాటు సీసా కూడా మీ దగ్గరే ఉంచుకోండి.

మునిగేవాడు సినిమాలో మాదిరి కేకలు వేస్తాడనుకోకండి. ఊపిరికే దిక్కులేనప్పుడు కేక ఎక్కడినుంచి వస్తుంది? నోరు నీటి అంచున తేలుతూ మునుగుతూ, చేతులు పక్కలకు కొట్టుకుంటూ, చప్పుడు లేకుండా ఒక్క నిమిషంలో కిందికి పోతాడు. పక్కనున్నవాళ్లు ఆడుకుంటున్నాడనుకుంటారు. అంచేత పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ పెద్దవాళ్లలో ఒకరు ఫోను జేబులో పెట్టి, మరో పని పెట్టుకోకుండా, చేతికందే దూరంలో నిలబడాలి. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదన్నమాటే.

ఒకరు మునుగుతుంటే ఈతరాని తండ్రీ, అన్నా వెంటనే దూకుతారు. ఒకే ఇంట్లో ఇద్దరూ ముగ్గురూ పోవడం ఇలాగే జరుగుతుంది. దూకకండి. మోకు, పంచె, చీరకొంగు, పొడుగు కర్ర, మూత బిగించిన ఖాళీ క్యాను, ఏది దొరికితే అది విసరండి. ఒడ్డున బోర్లా పడుకుని అందించండి, నిలబడి అందిస్తే మిమ్మల్నీ లాగేస్తాడు. ఇంకొకరు 108కి ఫోను చేయాలి.

పైకి తీశాక ఏం చేయాలన్నదే అసలు సంగతి. మన ఊళ్లలో కాళ్లు పట్టుకుని గిరగిరా తిప్పుతారు, బోర్లించి పొట్ట నొక్కుతారు. పొట్టలో నీళ్లు కక్కించినందువల్ల ప్రాణం రాదు. పైగా ఆ కక్కు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కావలసింది గాలి. వెల్లకిలా పడుకోబెట్టి పిలిచి చూడండి. పలకక, ఊపిరి ఆడకపోతే నోట్లో అడ్డమున్నది తీసి, తల కొంచెం వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, మీ నోటితో అతని నోట్లోకి ఐదుసార్లు ఊదండి. రొమ్ము లేవాలి. తర్వాత రొమ్ము నడిమి ఎముకమీద అరచేతి మడమ ఆనించి, రెండో చెయ్యి దానిపై వేసి, రెండు అంగుళాలు దిగేలా 30 సార్లు నొక్కండి, మళ్లీ రెండుసార్లు ఊదండి. నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగం ఉండాలి. చిన్నపిల్లలకు ఒక చెయ్యి చాలు, రొమ్ము మందంలో మూడోవంతు దిగితే చాలు. అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి, అలసిపోతే మనిషి మారండి. మెడ దెబ్బ ఉందన్న అనుమానం ఉంటే తల వెనక్కి వంచకుండా కింది దవడను మాత్రం ముందుకు లేపండి. కాని మెడకు భయపడి ఊపిరి ఊదడం మానకూడదు.

శవాన్ని ఉప్పులో పాతిపెడితే మళ్లీ బతుకుతుందని వాట్సాప్‌లో ఒక మాట తిరుగుతోంది. శుద్ధ అబద్ధం. దాన్ని నమ్మి ఉప్పు బస్తాల కోసం పరుగెత్తితే ఆ విలువైన నిమిషాలు కాస్తా పోతాయి. తేరుకుని లేచి కూర్చున్న పిల్లవాణ్ణి కూడా ఆసుపత్రికి తీసుకెళ్లి, కనీసం ఆరేడు గంటలు వైద్యుల కనుసన్నల్లో ఉంచాలి. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్లు తర్వాత ఆయాసం తేవచ్చు.

ఇప్పుడు మీ అత్తగారి మూలికల మాట. పారే చల్లని నీళ్లలో స్నానం ఒంటికీ మనసుకూ హాయి, అందులో సందేహం లేదు. కాని వేరూ ఆకూ తాకి వచ్చినంతమాత్రాన నీళ్లు మందు కావు. గజ్జి, తామర ఉన్నవాళ్లు మడుగులో మునిగి తగ్గుతుందని ఎదురుచూడక, చర్మవైద్యుణ్ణి చూడాలి. కొండనీళ్లు తేటగా ఉన్నాయని దోసిట పట్టి తాగకండి. పైన ఏ జంతువు కళేబరం ఉందో మనకు కనబడదు. కాచిన నీళ్లు వెంట తీసుకెళ్లండి.

పారే నీళ్లకంటె నిలవనీళ్లు చెడ్డవి. పశువుల్ని కడిగే కుంటలో పిల్లలు ఈదితే వచ్చే జబ్బు ఒకటి మన దక్షిణాదిలోనూ, శ్రీలంకలోనూ ఎక్కువ. రైనోస్పోరిడియోసిస్ అంటారు. ముక్కులో ఎర్రని మెత్తని కాయ, దానిమీద తెల్లని చుక్కలు. తాకితే రక్తం కారుతుంది. ఒక ముక్కు మూసుకుపోతుంది. దీన్ని మొదట్లో బూజుజాతి అనుకున్నారు. చేపలకు జబ్బు తెచ్చే సూక్ష్మజీవుల తెగకు చెందిందని తర్వాత తేలింది. మాత్రలతో పోదు. మొదలంటా కోసి కాల్చాలి. అయినా కొందరికి మళ్లీ వస్తుంది. ఎండదెబ్బ అని చల్లని మందులు మింగిస్తూ కూర్చోకుండా, పిల్లవాడికి ఒకే ముక్కునుంచి తరచు రక్తం వస్తుంటే చెవి ముక్కు గొంతు వైద్యుడికి చూపించండి.

ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు కాలి పుండ్లకు తగిలితే లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ఎలుక జ్వరమన్నమాట. వారం పది రోజులకు తీవ్రమైన జ్వరం, పిక్కల్లో భరించలేని నొప్పి, ఎర్రబడ్డ కళ్లు. తర్వాత కామెర్లు రావచ్చు, మూత్రం తగ్గవచ్చు. పెందలాడే గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్‌లతో నయమవుతుంది. పుండు, గీత ఉన్నవాళ్లు నీళ్లలో దిగవద్దు.

మీ ఆడబిడ్డ చదివినది నిజమే. నెగ్లేరియా అనే అమీబా వెచ్చని నిలవ మంచినీళ్లలో పెరుగుతుంది. ముక్కులోకి నీళ్లు దూసుకుపోయినప్పుడు వాసన నరం వెంబడి మెదడుకు చేరుతుంది. తాగితే రాదు, ఒకరినుంచి ఒకరికి అంటదు. 2024లోనూ 2025లోనూ కేరళలో అమీబావల్ల వచ్చే మెదడువాపు కేసులు అనేకం బయటపడ్డాయి. నెగ్లేరియా సోకితే బతికేవాళ్లు బహు తక్కువ. 2024లో కేరళలో ఒక పద్నాలుగేళ్ల కుర్రవాడు త్వరగా వైద్యం అందినందువల్ల బతికాడు. ఈదేవాళ్లు కోట్ల మంది, ఈ జబ్బు వచ్చేవాళ్లు బహుకొద్ది మంది. దీనికోసం ఈతే మానిపించనక్కర లేదు. ఎండాకాలంలో అడుగంటిన పచ్చటి నీళ్లలో దిగవద్దు, దూకేటప్పుడు ముక్కు మూసుకోండి, అడుగు బురద కెలకవద్దు. ఇంట్లో ముక్కు కడుక్కునే జలనేతి అలవాటున్నవాళ్లు కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి. ఈత తర్వాత రెండు వారాల్లోపు విపరీతమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకోవడం కనబడితే వైద్యుడు అడగకముందే “ఫలానా రోజు మడుగులో ఈదాడు” అని చెప్పండి. ఆ ఒక్క మాట వైద్యం దారినే మార్చవచ్చు.

నీళ్ల జబ్బులు తరమలేనివి కావు. మీ అత్తగారికి నారికురుపు గుర్తుండే ఉంటుంది. దిగుడుబావిలో దిగి నీళ్లు ముంచుకునే రోజుల్లో, నీటిఈగల ద్వారా కడుపులో చేరిన పురుగు ఏడాదికి కాలిమీద పొక్కు చీల్చుకుని దారంలా బయటికొచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగేవారు. నీళ్లు గుడ్డతో వడగట్టించి, దిగుడుబావులు మాన్పించి, చేతిపంపులు వేయించేసరికి 1996లో రాజస్థాన్‌లో చివరి కేసుతో మన దేశంలో అది అంతమైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ఉద్యోగరీత్యా ఆఫ్రికాలో ఉన్న మనవాళ్లకు మాత్రం ఒక హెచ్చరిక. అక్కడి సరస్సుల్లో నత్తలనుంచి వచ్చే పురుగులు చర్మంలోంచే లోనికి పోతాయి. విక్టోరియా, మలావి సరస్సుల ఒడ్డున స్నానాలు చేసినవాళ్లు మూత్రంలోగాని విరేచనంలోగాని రక్తం పడితే ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి. దీనికి మంచి మందు ఉంది.

ఆఖరుకు చెవులు. ఈత తర్వాత చెవిలో నీళ్లుంటే తల పక్కకు వంచి, చెవి తమ్మె మెల్లగా లాగి, పొడిగుడ్డతో బయట మాత్రం తుడవండి. పుల్లలు, పిన్నీసులు పెట్టకండి. కాచిన నూనె పోయకండి. తడి చెవిలో నూనె పోస్తే బూజు పట్టి, దురద, నొప్పి ఎక్కువవుతాయి. చెవిలో చీము కారే అలవాటున్న పిల్లలుంటే వాళ్లను మడుగులో దింపకుండా, ఒడ్డున కాళ్లు తడుపుకోనిచ్చి, ఫలహారాల మూట కాపలా అప్పజెప్పండి.