పెయిన్ మూతి సాగితే మీకెందుకు నొప్పి?

జపాన్ యానిమే సిరీస్ నరుటో ఇప్పుడు తెలుగు మాటలతోనూ దొరుకుతోంది. కొత్తగా చూడబోయే కుర్రాడికి పాత అభిమానులు చేసే హితబోధ మాత్రం మారలేదు: "రెండో సిరీస్ షిప్పూడెన్ 167వ ఎపిసోడ్‌లో బొమ్మలు చెడగొట్టారు, చూసుకో." సాక్ష్యంగా ఓ స్క్రీన్‌షాట్. అందులో నరుటోతో తలపడే విలన్ పెయిన్ మూతి రబ్బరులా సాగి ఉంటుంది. 2010 నుంచీ అదే జోకు, అదే ఇకిలింపు.

అయ్యా, కదిలే బొమ్మను ఆపి చూడమని మీకెవరు చెప్పారు? కబడ్డీ కూతలో ఉన్నవాణ్ణి టక్కున ఫొటో తీస్తే ఎవడి మొహం పెళ్లిచూపులకు పనికొస్తుంది?

అసలు ఈ సిరీస్ తొలిచూపులోనే పద్ధతికి నీళ్లొదిలింది. చీకట్లో నక్కాల్సిన నింజా నరుటోకు నారింజ రంగు బట్టలు తొడిగింది. చేతిలో కునాయ్ కత్తి, నెత్తిమీద కరెంటు తీగలు! దాన్ని కిమ్మనకుండా మింగినవాళ్లకు ఒక వంకర మూతి గొంతులో అడ్డం పడిందా?

ఆ 167వ ఎపిసోడ్ దర్శకుడు అత్సుషి వకబయాషి. తొలి సిరీస్ 133వ ఎపిసోడ్‌లో నరుటో, అతని మిత్రుడు సాసుకే లోయలో కలబడుతుంటే గుడ్లప్పగించి చూశారే, అదీ ఆయనదే. అక్కడ యానిమేటర్ నోరియో మత్సుమోతో గీత కూడా వదులుగానే పరుగెత్తింది. ఇక 167లో నరుటో మనిషిగా మిగల్లేదు. ఆరు తోకలు మొలిచి, ఒంటిపైన ఎముకల గూడు కట్టిన మృగం. దాని కోపానికి నేల పెళ్లలుగా లేస్తుంటే గీత మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు ఉండాలా? ఊరు నేలమట్టమైన వేళ రెండు మూడు షాట్లు నవ్వు తెప్పిస్తాయి, కాదనను. దానికి ఎపిసోడ్ మొత్తాన్ని ఉరి తీస్తారా?

కోపం రావాల్సిన చోటు వేరే ఉంది. తొలి సిరీస్‌లో 136 నుంచి 219 దాకా దాదాపు అంతా మూల కామిక్ అయిన మాంగాలో లేని సాగదీత. పెదాలు తప్ప ఏమీ కదలని సంభాషణలు. ఊయల మీద ఒంటరి పిల్లాడి ఫ్లాష్‌బ్యాక్ మళ్లీ, మళ్లీ, మళ్లీ. కదలిక చచ్చిపడి ఉన్న ఆ చోట ఒక్కడూ స్క్రీన్‌షాట్ తీయడు!

167కి బొమ్మలు గీసినవాళ్లలో షింగో యమషిత ఒకడు. జుజుత్సు కైసెన్, చైన్‌సా మ్యాన్ యానిమేలు ఉన్నాయే, మొదటిదాని తొలి ఓపెనింగ్, రెండోదాని ఓపెనింగ్ తీసిందీ అతనే. వాటిని మాత్రం స్టేటస్‌లో పెట్టుకుని ఊరేగుతారు. పేర్లు పడేటప్పుడు స్కిప్ నొక్కకుండా ఉంటే ఈ సంగతి ఎప్పుడో తెలిసేది.