జ్వరానికి థర్మామీటరు, మాంసానికి కంటి చూపా?

2025 మార్చి 16న మన మంగళగిరి ఎయిమ్స్‌లో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప చనిపోయింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షల్లో అది బర్డ్ ఫ్లూ (హెచ్5ఎన్1) అని తేలింది. పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని, వండిన కూర తిన్న మిగతావారికి జబ్బు రాలేదని ఇంట్లోవారు చెప్పినట్లు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. తెలిస్తే ఏ తల్లీ ఇవ్వదు. తెలియజెప్పవలసిన బాధ్యత మనందరిదీ.

బిడ్డ ఒళ్లు వెచ్చబడితే చేత్తో తాకి ఊరుకోం, థర్మామీటరు పెట్టి చూస్తాం. మాంసం దగ్గరికి వచ్చేసరికి రంగు చూసి, గరిటెతో నొక్కి "ఉడికిందిలే" అంటాం. పైగా మనది గుంటూరు కారం. పసుపు, కారం పట్టించిన ముక్క పచ్చిగా ఉన్నప్పుడే ఎర్రగా కనబడుతుంది. కారం ఘాటుకు క్రిములు చస్తాయనుకోవడం ఉత్త భ్రమ. వాటిని చంపేది వేడి.

మాంసం లోపలి దాకా కనీసం 70 డిగ్రీల సెల్సియస్ వేడి చేరాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కోడిమాంసానికి 74 డిగ్రీలు చేరితే ఇంకా మంచిది. ఆ వేడికి బర్డ్ ఫ్లూ వైరస్‌తో పాటు వాంతులు, విరేచనాలు కలిగించే సాల్మొనెల్లా వంటి బాక్టీరియా కూడా నశిస్తుంది.

అలాగని రోజూ వండే పులుసుకు థర్మామీటరు కావాలని నేను అనను. నీళ్లు పోసి అరగంట మరిగించిన కూరలో ముక్క చుట్టూ దాదాపు 100 డిగ్రీల వేడి ఉంటుంది. భయమంతా నిప్పుల మీద కాల్చే మాంసంతోనే. పైన మాడుతుంది, ఎముక పక్కన పచ్చిగానే ఉంటుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ముక్కను అలాగే కాలిస్తే మరీ ప్రమాదం. రహదారి పక్క దాబాల్లో తందూరీ, చీకుల బండ్లు, పెళ్లిళ్లలో గ్రిల్ చికెన్, పచ్చి మాంసంతో దమ్ పెట్టే బిర్యానీ – ఇంతమంది తినే చోట కంటి అంచనా సరిపోదు. అక్కడ మాంసం థర్మామీటరు తప్పనిసరిగా ఉండాలని నా అభిప్రాయం. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది.

వాడడం కష్టమేమీ కాదు. దాని సూదిని ముక్కలో బాగా మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చి, అంకె నిలకడగా ఆగేదాకా చూడాలి. గుచ్చిన ప్రతిసారీ సబ్బుతో కడగాలి. మరిగే నీళ్లలో సుమారు 100, కరుగుతున్న మంచుగడ్డల నీళ్లలో 0 చూపిస్తే అది సరిగ్గా పనిచేస్తున్నట్లే. జ్వరం చూసే థర్మామీటరు మాత్రం ఎన్నడూ వాడవద్దు. అది 42 డిగ్రీల దాకానే చూపుతుంది. గాజుదైతే పగిలి పాదరసం తిండిలో కలుస్తుంది.

ప్రేమవిందులకు వంట చేయించే పెద్దలకు ఒక మనవి. ఉప్పు సరిపోయిందా అని అడిగినట్లే, లోపల ఎంత వేడి ఉందని కూడా వంటమేస్త్రిని అడగండి.

అయితే పచ్చి మాంసం దగ్గర ఏ థర్మామీటరూ మనల్ని కాపాడదు. కోసేటప్పుడు పసిపిల్లలను దగ్గరికి రానివ్వకండి. కత్తిని, పీటను, చేతులను సబ్బుతో కడిగాకే మరో పని ముట్టుకోండి. ఎంత మారాం చేసినా, ఉడకని ముక్క బిడ్డ నోటికి అందనివ్వకండి.