ప్రమాదం ఎవరిది, ప్రయాణం ఎవరిది?

సెంటినరీ కాలనీ నుంచి చూస్తే రామగిరి గుట్ట కనిపిస్తుంది. రెండు పెద్ద వానలు పడితే చాలు, గుట్టంతా పచ్చబడుతుంది, రాళ్ల సందుల్లోంచి నీళ్లు జారతాయి. శ్రావణమాసంలో జనం ఖిల్లా ఎక్కి గుడి చూసి, తెలిసినవాళ్లు మూలికలు ఏరుకుని దిగివస్తారు. అలాంటి ఒక వానాకాలపు సాయంత్రం కాలనీ స్త్రీలతో హక్కుల గురించి మాట్లాడుకుందామని కూర్చున్నాం. కారుణ్య నియామకాల్లో కూతుళ్ల వాటా, తాగి కొట్టే భర్తలు, కాంట్రాక్టు కార్మికురాళ్ల కూలి – మేము రాసుకెళ్లిన అంశాలివి. ఇంటర్ చదివే ఒక అమ్మాయి లేచి అడిగింది మాత్రం మా కాగితంలో ఎక్కడా లేదు. "మా తమ్ముడు నాలుగుసార్లు ఖిల్లా ఎక్కిండు. సబ్బితం జలపాతానికి బండి మీద పోయొచ్చిండు. నేను పుట్టినకాన్నుంచి ఆ గుట్టను చూస్తనే ఉన్న, ఒక్కసారి ఎక్కలే. ఇది హక్కుల కిందికి రాదా మేడం?"

వెనక వరుసలోంచి తల్లి అందుకుంది. "కాలు జారితే ఎవలు జిమ్మేదారు బిడ్డా? మగపోరడంటే ఎట్లనో అట్ల..." ఆమె ఆ మాట పూర్తి చేయలేదు. అక్కడున్న ఎవరికీ పూర్తి చేయాల్సిన అవసరం కనిపించలేదు.

సాహసయాత్రల మీద స్త్రీల పత్రికలో సంపాదకీయమా అని పాఠకులకు అనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించింది. వరకట్న చావులు ఆగలేదు, సమాన వేతనం అందలేదు, ఇప్పుడు కొండలూ జలపాతాలూనా? డబ్బున్నవాళ్ల సరదా కదా అది? కానీ ఆ అమ్మాయి అడిగింది సరదా గురించి కాదు. అందమైనదీ ప్రమాదకరమైనదీ ఒకటి కళ్లెదుట ఉన్నప్పుడు, అక్కడికి వెళ్లాలో వద్దో నిర్ణయించుకునే అధికారం ఎవరిది అని అడిగింది. ఆ ప్రశ్న మనకు కొత్తది కాదు.

2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. గిరిజన వ్యవసాయ కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా నుంచి సాధనపల్లి ఆనంద్ కుమార్. సరిగ్గా పద్నాలుగు రోజులకు, జూన్ 8న, హైదరాబాద్‌లోని ఒక ఇంజనీరింగ్ కళాశాల నుంచి హిమాచల్‌ప్రదేశ్ విహారయాత్రకు వెళ్లిన విద్యార్థులు మండి జిల్లా తలోట్ దగ్గర బియాస్ నదిలోని రాళ్ల మీద ఫోటోలు దిగుతుండగా ఎగువన ఉన్న లార్జి విద్యుత్ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. వారిలో ఆరుగురు అమ్మాయిలు.

ఈ రెండింటిలో ఎవరెస్టే ఎన్నో రెట్లు ప్రమాదకరం. మరి పూర్ణ ఎలా తిరిగివచ్చింది? భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్పారు, డార్జిలింగ్‌కూ లడఖ్‌కూ తీసుకెళ్లి చలికీ ఎత్తుకూ అలవాటు చేశారు, శిక్షకులు వెంట ఉన్నారు, ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంది. తలోట్ దగ్గర పిల్లలు దిగింది చూడ్డానికి ప్రశాంతంగా ఉన్న నదిలోకి. నీళ్లు వస్తున్నాయని వారికి అందేలా చెప్పే ఏర్పాటు అక్కడ లేకపోయింది. 2016 జనవరిలో హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశిస్తూ, ఆ భారాన్ని విద్యుత్ బోర్డుకూ కళాశాలకూ రాష్ట్ర ప్రభుత్వానికీ పంచింది. అంటే తప్పు ప్రయాణానిది కాదని న్యాయస్థానమే తేల్చింది. అయినా ఆ జూన్‌లో మన ఇళ్లలో వినిపించిన మాట వేరు: "అందుకే ఆడపిల్లల్ని టూర్లకు పంపొద్దనేది." చనిపోయినవారిలో పద్దెనిమిది మంది అబ్బాయిలున్నారు. మగపిల్లల్ని పంపొద్దని మాత్రం ఎవరూ అనలేదు.

గోదావరి మనకు దగ్గర, ఆ కథా అదే. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల యాత్రకు బయల్దేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. నది వరదతో పోటెత్తుతున్న రోజున పడవను కదలనిచ్చినవాళ్లున్నారు. పోయిన ప్రాణాలు యాభైకి అటూ ఇటూ. టికెట్టు కొని ఎక్కిన ఆడవాళ్లకు ఆ రోజు నీటిమట్టం ఎంతో ఎవరు చెప్పారు?

రక్షణ పేరుతో తలుపులు మూయడమంటే ఏమిటో బొగ్గుగని ప్రాంతంలో ఉన్నవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు ఈ దేశపు బొగ్గుబాయిల్లో భర్త బొగ్గు కొడితే భార్య తట్ట మోసేది. బ్రిటిష్ ఇండియాలో 1929 నిబంధనలతో స్త్రీలను భూగర్భం నుంచి తప్పించడం మొదలుపెట్టి 1930ల చివరికల్లా పూర్తిగా బయటికి పంపేశారు. యుద్ధకాలంలో బొగ్గు కావలసి వచ్చింది. అంతే, 1943లో ఆ నిషేధం పక్కకు జరిగింది. యుద్ధం ముగిశాక 1946లో మళ్లీ వచ్చింది. బొగ్గు అవసరమైన మూడేళ్లూ ఆడవాళ్ల సుకుమారం ఏమైపోయిందో! 1952 గనుల చట్టం 46వ సెక్షన్ అదే నిషేధాన్ని కొనసాగించింది. 2019 జనవరిలో గానీ కేంద్ర కార్మిక శాఖ సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు పగటి వేళ స్త్రీలను భూగర్భంలోకి అనుమతించలేదు. ఆ తర్వాత రెండేళ్లకే, సింగరేణి కార్మికుని కూతురు సంధ్య రసకట్ల రాజస్థాన్‌లోని హిందుస్తాన్ జింక్ గనిలో భూగర్భ గని మేనేజర్ల బాధ్యత తీసుకున్న తొలి మహిళల్లో ఒకరయ్యింది.

ఇన్నేళ్ల నిషేధంలో ఆడవాళ్లకు ప్రమాదం తప్పిందా? 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. 2022 మార్చి 7న ఇక్కడి అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు పోయారు. ఆ రోజుల్లో గని గేటు దగ్గర గంటల తరబడి నిలబడింది ఆడవాళ్లే. ప్రమాదాన్ని చట్టం వాళ్లకు దూరం చేయలేదు. దాని గురించి మాట్లాడే స్థానాన్ని, దానికి దక్కే జీతాన్ని మాత్రం దూరం చేసింది.

అడ్రియాల జరిగిన ఆ ఏడాది చివర్లోనే, డిసెంబర్‌లో, ఆర్టీసీ హైదరాబాద్ నుంచి 'సింగరేణి దర్శన్' పేరుతో యాత్ర మొదలుపెట్టింది. నగరవాసులు బస్సెక్కి వచ్చి గనులు చూసి అబ్బురపడి వెళ్లారు. మాకు అందులో అభ్యంతరం లేదు, చూడాల్సిందే. కానీ మన సమావేశంలో ఒక పెద్దావిడ అన్న మాట మరిచిపోలేకపోతున్నాం. "మా ఆయన ముప్పై ఏండ్లు బాయిల దిగిండు. ఆయన సద్ది గట్టిన, బట్టలుతికిన. లోపట ఎట్లుంటదో ఒక్కనాడు చూడలే." ఆమెకు కూడా ఒక టికెట్టు ఇప్పించాలని ఎవరికీ తోచలేదు.

ఇందులో వర్గం సంగతి మరిచిపోకూడదు. ఒకరికి సాహసమైనది మరొకరికి కూలి. పూర్ణ టిబెట్ వైపు నుంచి శిఖరం ఎక్కడానికి నెల ముందు, 2014 ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబు దగ్గర మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాలీలు చనిపోయారు. పర్యాటకుల కోసం తాళ్లూ సామాన్లూ మోస్తున్నవాళ్లు. శిఖరం మీద ఫోటోల్లో వాళ్ల భార్యలు కనబడరు.

ఇక ఆ తల్లి పూర్తి చేయని మాట. కాలు జారడం ఒక్కటే ఆమె భయమని మేము అనుకోవడం లేదు. జలపాతాల దగ్గర తాగి సీసాలు పగలగొట్టే గుంపులున్నాయి, సెల్‌ఫోన్లతో వెంటపడేవాళ్లున్నారు. తిరిగొచ్చాక "ఎవరితో పోయినవ్?" అని అడిగే వాడకట్టు ఉంది. పాతబడ్డ ఓపెన్‌కాస్టు గుంతల్లో నిలిచిన నీళ్లు నీలంగా మెరుస్తూ పిలుస్తుంటాయి, లోతు తెలియదు, అంచు మట్టి ఎప్పుడు జారుతుందో తెలియదు. ఈ రెండు రకాల ప్రమాదాలనూ ఒకే మూట కట్టి ఆడపిల్ల నెత్తిన పెట్టడమే పితృస్వామ్యం పనితనం. గుంత చుట్టూ కంచె వేయడం యాజమాన్యం బాధ్యత. తాగిన గుంపును అదుపు చేయడం పోలీసుల బాధ్యత. ఇద్దరూ తమ పని చేయనందుకు శిక్ష మాత్రం ఇంట్లో కూర్చున్న అమ్మాయికి.

2018 మార్చిలో మహిళా దినోత్సవం సందర్భంగా తమిళనాడు కురంగణి కొండలకు వెళ్లిన బృందం అడవి మంటల్లో చిక్కుకుంది. ఇరవై మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది స్త్రీలు. అక్కడి ప్రభుత్వం మొదట ట్రెక్కింగ్ ఆపేసింది, తర్వాత నిబంధనలు రాసింది. చివరికి 2024 అక్టోబర్‌లో 40 అడవి బాటలను స్థానిక గిరిజనులకు శిక్షణ ఇచ్చి, వారినే మార్గదర్శకులుగా పెట్టి తెరిచింది. ఆలస్యంగానైనా దారి అదే. మనకూ హెచ్చరికలు తక్కువేం లేవు. 2023 జూలైలో ములుగు జిల్లా ముత్యాల ధార చూడబోయిన పర్యాటకులు పదుల సంఖ్యలో వాగు పొంగి అడవిలో చిక్కుకుంటే రాత్రంతా వెతికి తీసుకురావాల్సి వచ్చింది.

రామగిరికి ఏం కావాలో కాలనీ స్త్రీలు ఆ సాయంత్రమే చెప్పారు. జారే చోట గొలుసులు, మెట్ల మొదట్లో మరుగుదొడ్డి, పైకి ఎంతమంది వెళ్లారో కిందికి ఎంతమంది దిగారో రాసే మనిషి, ఆ మనిషి ఆడమనిషైతే మేలు. గుట్ట మీది ప్రతి చెట్టూ తెలిసిన చుట్టుపక్కల ఊళ్ల స్త్రీలకు దారి చూపే పని, దానికి కూలి. సింగరేణి రెస్క్యూ సిబ్బంది బడిపిల్లలకు ఏడాదికి రెండు రోజులు తాడు ముడులూ ప్రథమ చికిత్సా నేర్పవచ్చు. ఈ నైపుణ్యం ఈ ప్రాంతంలో ఉన్నంతగా మరెక్కడ ఉంది? వినతిపత్రం రాసి మండల కార్యాలయంలో, జనరల్ మేనేజర్ కార్యాలయంలో ఇచ్చాం.

ప్రశ్న అడిగిన అమ్మాయి మాత్రం వినతిపత్రానికి జవాబు వచ్చేదాకా ఆగేట్టు లేదు. వానలు తగ్గాక ఒక ఆదివారం పన్నెండు మంది అమ్మాయిలు, నలుగురు తల్లులు ఖిల్లా ఎక్కాలని అనుకున్నారు. తాడు దొరికింది, ఈలలు కొన్నారు, దారి తెలిసిన బేగంపేట అవ్వ ఒకామె వస్తానంది. వాక్యం మధ్యలో ఆపేసిన ఆ తల్లి కూడా పేరు రాయించుకుంది. ఆ ఆదివారం ఫస్ట్ షిఫ్టుకు పోయేవాళ్లకు సద్దులు ఎవరు కట్టాలన్నదే ఇంకా తేలలేదు.